నెల్లూరు నాలుకతో మెక్సికన్ హోటల్‌కి వెళ్తే ఎలా తినాలి?

నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు వెళ్ళినా, ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు వెళ్ళినా ఇప్పుడు పిజ్జా, బర్గర్‌ల పక్కన టాకో, నాచోస్, బరీటో అనే పేర్లు కూడా మెనూల్లో కనిపిస్తున్నాయి. పిల్లలు సరదాపడి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్తారు. పెద్దవాళ్ళేమో రెండు ముక్కలు కొరికి, "చప్పగా ఉందబ్బా, చీజు తప్ప ఏమీ లేదు" అని ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంటారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే మెక్సికో వంటకి ఆధారం మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, మిరపకాయ, టమోటా, పుల్లటి నిమ్మరసం. కారం, పులుపు తెలిసిన మన నాలుకకి ఇంతకన్నా దగ్గరి పరాయి వంట ఇంకోటి ఉండదని నా నమ్మకం. చీజు, మయొనీజు కుమ్మరించిన ప్లేట్లు పక్కన పెట్టి అసలు రుచుల వైపు ఎలా వెళ్ళాలో వరసగా చెబుతాను.

వెళ్ళే ముందు ఒక ఫోన్

హోటల్‌కి ఫోన్ చేసి రెండు సంగతులు కనుక్కోండి. మొదటిది, టోర్టియాలు మొక్కజొన్నవి ఉన్నాయా, మైదావి మాత్రమేనా? రెండోది, సల్సా (టమోటా, మిరపకాయల పచ్చడి) అక్కడే చేస్తారా, సీసాలోది పోస్తారా? ఈ రెండింటికీ సూటిగా జవాబిచ్చే చోటు మీద నాకు గురి కుదురుతుంది. "అన్నీ ఉన్నాయి సార్, రండి" అని దాటేస్తే మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. నాచోస్, రైస్ బౌల్ తిని వచ్చేయొచ్చు.

టోర్టియా అంటే రొట్టె. దాని గురించి కాస్త తెలుసుకుని వెళ్తే ప్లేటులో ఏముందో అర్థమవుతుంది. మెక్సికోలో ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు పోయేలా కడిగి, అప్పుడు రుబ్బుతారు. తమలపాకుకి రాసుకుంటామే, అదే సున్నం. దానివల్ల గింజ మీది పొట్టు ఊడుతుంది, పిండి విరిగిపోకుండా పట్టుగా వస్తుంది. గింజలో బంధించి ఉన్న బి3 విటమిన్ కూడా ఒంటికి అందుతుంది. ఈ పద్ధతి తెలుసుకోకుండా మొక్కజొన్నని మాత్రమే తీసుకెళ్ళి తిన్న యూరప్ పల్లెల్లో బి3 అందక పెల్లాగ్రా అనే జబ్బు ప్రబలింది. సున్నంలో ఉడికిన గింజకి ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. వేడి టోర్టియా ముక్క తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. కొట్లో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో చేస్తే ఆ వాసన రాదు.

మైదా టోర్టియా నకిలీ అనుకోకండి. గోధుమ పండే ఉత్తర మెక్సికోలో గోధుమపిండి రొట్టెలే ఇష్టంగా తింటారు. బరీటో పుట్టింది ఆ ప్రాంతంలోనే. అయితే టాకో తినాలనుకుంటే మాత్రం మొక్కజొన్నదే అడగండి.

వీలైతే మామూలు రోజుల్లో సాయంత్రం ఏడింటికల్లా వెళ్ళండి. ఆదివారం రాత్రి రద్దీలో వంటింటివాళ్ళు టాకోలు ముందే కట్టి పెట్టేస్తారు. చల్లారిన టాకో మెత్తబడి, చేతిలోనే విడిపోతుంది.

మెనూ చూసి కంగారు పడొద్దు

పేర్లు పది కనిపించినా లోపల ఉండే సరుకు దాదాపు ఒకటే. చికెనో, రొయ్యలో, పనీరో, రాజ్మానో. దాన్ని ఎలా చుట్టారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. చిన్న రొట్టెలో పెట్టి సగానికి మడిస్తే టాకో. చీజు పెట్టి మడిచి పెనం మీద కాలిస్తే కేసడియా. పెద్ద మైదా రొట్టెలో అన్నం, గింజలు కూడా వేసి మూటలా చుడితే బరీటో. రొట్టెల్ని చుట్టి పైన మిరపకాయల సాస్ పోస్తే ఎంచిలాడా. రొట్టె లేకుండా అన్నీ గిన్నెలో వేసిస్తే బౌల్. స్పెల్లింగు చూసి "క్వెసడిల్లా" అన్నా, హలపేన్యో అనే మిరపకాయని "జలపెనో" అన్నా వెయిటర్‌కి అర్థమవుతుంది. మొహమాటపడాల్సిన పనే లేదు.

అప్పడంలా కరకరలాడే, యు ఆకారంలో ఉండే టాకో పెంకు అమెరికాలో బాగా వ్యాపించిన రకం. మెక్సికో వీధుల్లో తినే టాకో రొట్టె మెత్తగా, వేడిగా ఉంటుంది. రెండూ ఉంటే మెత్తటిది తీసుకోండి. పిల్లలకి కరకరలాడేది కావాలంటే ఒకటి చెప్పండి, ముచ్చట తీరుతుంది.

నాచోస్ సంగతి వేరు. 1940ల్లో అమెరికా సరిహద్దులో ఉన్న పియెద్రాస్ నెగ్రాస్ అనే మెక్సికో ఊళ్ళో ఇగ్నాసియో అనాయా అనే ఆయన అప్పటికప్పుడు చేతికందిన వాటితో చేసిపెట్టిన చిరుతిండి అది. టోర్టియా ముక్కలు, కరిగిన చీజు, పైన మిరపకాయ ముక్కలు, అంతే. ఆయన ముద్దుపేరు నాచో. బల్ల మీదకి రాగానే తినెయ్యాలి. ఐదు నిమిషాలు ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే అడుగున ఉన్న చిప్స్ నానిపోతాయి.

నలుగురు వెళ్తే ఆర్డరు ఇలా చెప్పండి

తలా ఒక బరీటో చెప్పడం ఎప్పుడూ చేయకండి. అది ఒక్కటే కడుపు నింపేస్తుంది, ఇంకేదీ రుచి చూడలేరు. అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోండి.

మొదట చిప్స్, సల్సా, గ్వాకమోలే ఒక్కో ప్లేటు. ఈ మొదటి ప్లేటుతోనే వంటింటి సత్తా తెలిసిపోతుంది. అక్కడి ఇళ్ళలో సల్సాని నల్లరాతి రోట్లో నూరడం పాత పద్ధతి. కాల్చిన టమోటా, కాల్చిన మిరపకాయ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు. మన రోటి పచ్చడి చేసే చెయ్యి ఏం చేస్తుందో అచ్చం అదే. కాబట్టి మీకు మంచిచెడ్డలు ఎవరూ చెప్పక్కర్లేదు. టమోటా కెచప్‌లా తియ్యగా ఉంటే సీసాలోదని అర్థం. అప్పుడు "పీకో దె గాయో ఉందా" అని అడగండి. పచ్చి టమోటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి నిమ్మకాయ పిండిన ముక్కల సల్సా అది. పేరు తెలియని వెయిటర్ అయితే ఈ సరుకులే చెప్పండి. ఏ వంటింట్లోనైనా రెండు నిమిషాల్లో అయిపోతుంది.

గ్వాకమోలేలో ఉండాల్సింది అవకాడో, నిమ్మరసం, ఉల్లి, మిర్చి, కొత్తిమీర, ఉప్పు. లేత ఆకుపచ్చగా, అక్కడక్కడా పండు ముక్కలు తగులుతూ ఉంటే తాజాది. గోధుమరంగు తిరిగితే చేసి చాలాసేపయిందన్నమాట. పేస్టులా నున్నగా, తెల్లబారి ఉంటే మయొనీజు కలిపి ఉంటారు. అవకాడో మనకి ఖరీదైన పండు. అలాంటి గిన్నెకి అంత డబ్బు పెట్టొద్దు, మర్యాదగా వెనక్కి పంపండి.

తర్వాత రెండు రకాల టాకోలు. ఇక్కడ మన జిల్లాలవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది రొయ్యల టాకో.

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, కొత్తపట్నం చుట్టుపక్కల చెరువుల్లో ఇప్పుడు పెంచుతున్న వెనామీ రొయ్య పుట్టిల్లు పసిఫిక్ సముద్ర తీరం. మెక్సికోలోని సొనోరా నుంచి పెరూ ఉత్తరభాగం దాకా ఆ తీరమంతా దాని సొంత ఊరు. 1990ల్లో తెల్లమచ్చల వైరస్ మన టైగర్ రొయ్యని దెబ్బతీసింది. ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో ఆ చెరువుల గట్ల మీద తిరిగినవాళ్ళకి తెలుసు. 2009లో ప్రభుత్వం వెనామీ సాగుకి అనుమతి ఇచ్చాక మళ్ళీ చెరువులు నిండాయి. అంటే మెక్సికన్ హోటల్లో మీ ముందు పెట్టే రొయ్య జాతి మెక్సికోది, పెరిగింది మన ఉప్పునీటి చెరువులో. ఇంత తాజా రొయ్య హైదరాబాదులో ఉన్న పెద్ద హోటళ్ళకి కూడా అంత తేలిగ్గా దొరకదు. దీన్ని వదిలేసి ఫ్రీజర్‌లోంచి తీసిన చికెన్ తినడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

రొయ్యల టాకో చెప్పేటప్పుడు ఒక మాట జోడించండి: "పిండిలో ముంచి వేయించొద్దు, పెనం మీద వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయించండి, ఎక్కువసేపు ఉంచొద్దు." రొయ్య అర్ధచంద్రాకారంలో వంగి, తెల్లటి ఒంటి మీద గులాబీరంగు తిరిగితే సరిపోయినట్టు. గుండ్రంగా ముడుచుకుపోతే రబ్బరు. పైన సన్నగా తరిగిన క్యాబేజీ, రెండు ఉల్లి ముక్కలు, కొత్తిమీర. చీజు వద్దని ముందే చెప్పండి. సముద్రపు తిండి మీద చీజు వేస్తే రెండూ చెడతాయి.

చేపల టాకో అయితే మాత్రం పిండిలో ముంచి వేయించిందే బాగుంటుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరంలో, ఎన్సెనాదా వైపు పేరు తెచ్చుకున్న పద్ధతి అది. వేడివేడి చేపముక్క, పచ్చి క్యాబేజీ, కొంచెం తెల్ల సాస్, నిమ్మరసం. ఏ చేప వాడుతున్నారో అడగండి. బాసా అంటే దాటెయ్యొచ్చు. వంజరం అంటే వెంటనే చెప్పండి.

టాకోల తర్వాత ఇంకా ఆకలి ఉంటే ఒక బౌలో, ఒక ఎంచిలాడా ప్లేటో చాలు.

టాకో పట్టుకునే తీరు

చేతులు కడుక్కుని కూర్చోండి. ఫోర్కు, కత్తి పక్కన పెట్టండి. టాకోని మెక్సికోలో చేత్తోనే తింటారు. ఫోర్కుతో తింటేనే వింతగా చూస్తారు. మనకి అలవాటైన పనే కదా, ఖరీదైన హోటల్ అని బెదరాల్సింది లేదు.

ముందు నిమ్మకాయ చెక్క పిండండి. ప్లేటులో ఒక్క బద్దే పెడితే ఇంకో రెండు అడిగి తెప్పించుకోండి. పొదలకూరు, గూడూరు నిమ్మతోటలు పక్కనే ఉన్న ఊళ్ళో నిమ్మకాయకి లోటు చేయడం న్యాయం కాదు. తర్వాత సల్సా అర చెంచా. అంతకు మించితే రొట్టె నాని అడుగు చిరుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పైఅంచు దగ్గర పట్టుకుని మడత విప్పకుండా ఎత్తండి. టాకోని వంచకూడదు, మీ తలని పక్కకి వంచాలి. కొరికేటప్పుడు మోచేతులు బల్ల మీద ఆనించి, ప్లేటు సరిగ్గా కింద ఉండేలా ముందుకి వంగండి. వెనక వైపు నుంచి రెండు ముక్కలు ఎలాగూ జారతాయి. అవి ప్లేటులో పడతాయి, చివర్లో చిప్స్‌తో ఎత్తుకుని తినొచ్చు. ఒకసారి చేతిలోకి తీసుకున్నాక అయిపోయేదాకా కింద పెట్టకండి. పెడితే విచ్చుకుపోతుంది.

రొట్టె మడత దగ్గర విరిగిపోతుంటే పెనం మీద సరిగ్గా వేడి చేయలేదని అర్థం. ఆ మాట చెప్పి మార్పించుకోండి.

కారం మీకు సరిపోవాలంటే

మిరపకాయని మొదట సాగు చేసింది మెక్సికో ప్రాంతంవాళ్ళే. పోర్చుగీసు ఓడల్లో అది మన దేశానికి వచ్చింది. అయినా ఇక్కడి మెక్సికన్ హోటళ్ళలో కారం తక్కువనిపించడానికి కారణం హలపేన్యో మిరపకాయ. ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో అది 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది. అదే మెక్సికోలో యుకతాన్ వైపు ఇష్టపడే హబనేరో 1,00,000 నుంచి 3,50,000 దాకా వెళ్తుంది. పైగా మనకి దొరికే హలపేన్యో ముక్కలు సీసాలో వెనిగర్‌లో నిలవ ఉన్నవి. వాటిలో పులుపే ముందు తగులుతుంది.

కాబట్టి "స్పైసీగా చేయండి" అని ఊరికే చెప్తే వాళ్ళు ఇంకో గుప్పెడు హలపేన్యో వేస్తారు, లాభం ఉండదు. చిపోట్లే సాస్ ఉందేమో అడగండి. పండిన హలపేన్యోని పొగలో ఎండబెడితే వచ్చేది చిపోట్లే. అందులో కారంతో పాటు పొగ వాసన ఉంటుంది. అదీ లేకపోతే పచ్చిమిర్చి సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం కలిపి ఒక గిన్నెలో ఇమ్మనండి. టాకో మీద ఒక్కో ముక్క వేసుకుంటూ తినండి. బల్ల మీది సీసా సాస్‌ని అన్నిటి మీదా పోస్తే అన్నీ ఒకే రుచికి వస్తాయి.

శాకాహారులు, పెద్దవాళ్ళు

శాకాహారులకి ఈ వంటలో లోటు లేదు. రాజ్మా జాతి గింజల పుట్టుక కూడా అమెరికా ఖండాల్లోనే. గింజలు, అన్నం, ముక్కల సల్సా, గ్వాకమోలే కలిపిన బౌల్ నిండు భోజనం. పనీరు కన్నా గింజలు పెట్టిన టాకో చెప్పండి. పనీరు అక్కడి వంటలో లేనిది, సాస్‌ని పీల్చుకోదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు మన రెండు జిల్లాల్లోనూ చాలామంది ఉన్నారు. అక్కడ పిల్లలు మొదటి వారంలోనే మెక్సికన్ హోటల్‌కి తీసుకెళ్తారు. అక్కడ మాత్రం జాగ్రత్తగా అడగాలి. మెదిపిన గింజల్లో పందికొవ్వు వేయడం పాత పద్ధతి. ఎర్ర అన్నాన్ని చాలాచోట్ల చికెన్ ఉడికిన నీళ్ళతో వండుతారు. కార్నే అసాదా అంటే సాధారణంగా గొడ్డు మాంసం. కార్నిటాస్, అల్ పాస్టర్ రెండూ పందిమాంసం. పోయో అంటే కోడి, కామరోన్ అంటే రొయ్య, పెస్కాదో అంటే చేప. ఈ పేర్లు చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటే ఎవర్నీ అడగకుండా మీరే ఆర్డరు చెప్పుకోవచ్చు.

నాయనమ్మనో, అత్తనో తీసుకెళ్తే మొదటి ముద్ద మీరే కలిపివ్వండి. బౌల్‌లో అన్నం, గింజలు, ముక్కల సల్సా, ఒక చెంచా సోర్ క్రీమ్, నిమ్మరసం. "అత్తా, ఇది చిక్కటి పుల్ల పెరుగే, కలుపుకుని చూడు" అని చెప్పి గిన్నె చేతికివ్వండి. మైదా రొట్టె, చీజు వాళ్ళకి తేలిగ్గా అరగకపోవచ్చు. మొక్కజొన్న రొట్టె, అన్నం పర్వాలేదు. పంటి బాధ ఉన్నవాళ్ళకి చిప్స్ వద్దు, ఎంచిలాడా మెత్తగా ఉంటుంది.

పిల్లలకి ఎలోటే ఉంటే చెప్పండి. కాల్చిన మొక్కజొన్న కండె మీద మయొనీజు, చీజు పొడి, కారం, నిమ్మరసం. మైపాడు బీచ్‌లో పొత్తు తిన్న పిల్లలెవరూ దీన్ని వద్దనరు.

తాగడానికి

కూల్‌డ్రింకు జోలికి పోకండి. చింతపండు పానీయం ఉంటే అడగండి. చింత, మామిడి మనవైపు నుంచే అటు వెళ్ళాయి. 1565 నుంచి 1815 వరకు మనీలాకీ మెక్సికో తీరానికీ మధ్య నడిచిన స్పానిష్ ఓడలు ఆసియా సరుకుల్ని అక్కడికి చేర్చాయి. ఇవాళ మెక్సికో వీధుల్లో మామిడి ముక్కల మీద కారం, ఉప్పు, నిమ్మరసం చల్లి అమ్ముతారు. మన బడి గేట్ల ముందు పిల్లలు కొనుక్కునేదీ అదే.

మెనూలో హమైకా, లేదా హైబిస్కస్ డ్రింక్ అని కనిపిస్తే తప్పక తాగండి. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే. కాయ చుట్టూ ఉండే దళసరి ఎర్ర రేకుల్ని ఎండబెట్టి, మరిగించి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. పుల్లగా, దట్టమైన ఎరుపులో ఉంటుంది. ఓర్చాటా అయితే బియ్యం నానబెట్టి, రుబ్బి, వడకట్టి దాల్చినచెక్క కలిపింది. కారం ఎక్కువైనప్పుడు నోటికి హాయి.

తీపిలో చుర్రోస్ (నూనెలో వేయించి చక్కెర అద్దిన పిండి కడ్డీలు) వేడిగా వేయించి ఇస్తేనే తీసుకోండి.

బిల్లు, పార్శిలు

మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి వేరు, అది తప్పనిసరి కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని తమంతట తామే బిల్లులో వేయకూడదు. వేస్తే తీసేయమని అడిగే హక్కు మీకుంది. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే టిప్పు అతని చేతికే ఇవ్వండి.

మిగిలినవి పార్శిలు కట్టించేటప్పుడు రొట్టెలు వేరుగా, లోపలి కూర వేరుగా, సల్సా వేరుగా పెట్టమనండి. నాచోస్, గ్వాకమోలే తీసుకెళ్ళినా పనికిరావు, అక్కడే తినేయండి. ఇంటికొచ్చాక మొక్కజొన్న రొట్టెల మీద రెండు చుక్కల నీళ్ళు చల్లి, నూనె లేని దోసెల పెనం మీద ఒక్కోవైపు అర నిమిషం కాల్చండి. కాల్చినవాటిని వెంటనే శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టండి, మెత్తగా ఉంటాయి. రొయ్యల్ని మాత్రం రెండోసారి పొయ్యి మీద పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే నిమ్మకాయ పిండి, వేడి రొట్టెలో పెట్టుకుని మర్నాడు మధ్యాహ్నం లోపే తినేయండి.